పిచ్చుక పక్కన చోటు

"ఇంకోసారి చెప్పు తాతా, సరిగ్గా వినపడలేదు," అంది పాస్టరమ్మ.

వినపడక కాదు. వినపడింది కాబట్టే అడిగింది. సమాధులు తవ్వే తాత మెట్ల మీద నిలబడి, చేతిలోని కొలతాడు వేళ్లకు చుట్టుకుంటూ లోపలి గదివైపు ఆశగా చూశాడు, పాస్టరుగారు వచ్చి తనను గట్టెక్కిస్తారేమోనని. ఆయన లోపలే ఉన్నారు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఇందాకట్నుంచీ పెట్టుకుంటూనే ఉన్నారు.

"అదేనమ్మగారూ... కుర్రాడు బాగా పొడుగు కదా. ఆ చోటేమో పొట్టిది. అటు ప్రహరీగోడ అడ్డమొస్తోంది. ఐమూలగా తవ్వాలి. అలా తవ్వితే పాప రాయి కాస్త కదులుతుంది. మళ్లీ నిలబెట్టేస్తాననుకోండి. ఓ మాట అడిగి పలుగు వేద్దామని వచ్చా."

"ఏ పాప?"

"మన పాపేనమ్మా. పిచ్చుక."

"పిచ్చుక పక్కనున్నది ఎవరి చోటో తెలుసా నీకు?"

తాత నాలుక్కరుచుకున్నాడు. తెలియకపోవడమేమిటి, ఊరందరికీ తెలుసు. చర్చి వెనక సమాధుల తోటలో, పిచ్చుక రాయికీ ప్రహరీగోడకూ మధ్య ఓ మంచమంత గడ్డి జాగా ఉంది. పాలపళ్లయినా ఊడకముందే పిచ్చుక పోయినప్పుడు, ముద్ద ముట్టకుండా గోడకు తిరిగి పడుకున్న ఈ తల్లితో పాస్టరుగారే అన్నారు: "ఏడవకు. ఎప్పటికైనా నువ్వు దాని పక్కనే పడుకుంటావు. ఆ జాగా నీదే, పెద్దలతో చెప్పి ఉంచాను." ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ లేచింది, తిన్నది, మళ్లీ పదిమందిలోకి వచ్చింది. ప్రతి శనివారం వెళ్లి రాయి కడిగి ఆ గడ్డి మీదే కాసేపు కూర్చుంటుంది. ఇంట్లో ఆవిడకంటూ ఓ కుర్చీ లేకపోవచ్చు గానీ అక్కడ చోటుంది.

ఉండేది.

"తాతా, నువ్వెళ్లు. నేను కబురు చేస్తా," అన్నారు పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి. తాత బతుకుజీవుడా అని గేటు దాటాడు.

"ఎప్పుడిచ్చారు?" అంది పాస్టరమ్మ.

"నిన్న సాయంత్రం. పెద్దల కూడికలో."

"నాతో ఎప్పుడు చెబుదామనుకున్నారు? మట్టి పోసేటప్పుడా?"

"చెప్పేవాణ్ణే. నువ్వు ఆ కుర్రాడి తల్లి దగ్గర కూర్చుని ఇంటికొచ్చావు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆ టైములో ఎలా చెప్పను?"

"గుంతలు తవ్వే తాతతో చెప్పించారు. బాగుంది."

పాస్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. చెడ్డవాడేం కాదు పాపం. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది చదివి మీరంతా ఆయన్ని తిట్టిపోస్తారని నాకు తెలుసు. ఊరివాళ్లనూ మిల్లువాళ్లనూ ఒక కప్పు కిందికి తెచ్చింది ఆయనే. మిల్లువాళ్లంటే పనికోసం ఎక్కడెక్కడినుంచో వచ్చిన జనం. రంగు వేరు, జుట్టు వేరు, మాట వేరు. ఊరివాళ్ల ఆరాధన అయిపోయాక మిట్టమధ్యాహ్నం వచ్చి, ఖాళీ బెంచీల్లో వాళ్ల పాటలు వాళ్లు పాడుకుని పోయేవాళ్లు. అలా కుదరదని, దేవుడికి రెండు కుటుంబాలు లేవని ఈయన పట్టుబట్టి ఒకటి చేశారు.

కలిసిన రోజున పెద్దలు కూర్చుని అన్నీ తేల్చారు. ఏ పాట ఏ భాషలో, కానుక పళ్లెం ఎవరు పట్టాలి, టీ ఎవరు కాయాలి, పిల్లలు ఏడిస్తే ఎటు తీసుకెళ్లాలి, అన్నీ. చచ్చిపోతే ఎక్కడ పూడ్చాలన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు. పెళ్లి మాటల్లో చావు మాట ఎవరెత్తుతారు? అదే కొంప ముంచింది.

మొన్న వానకు చర్చి రేకు లేచిపోయి ప్రసంగం చేసే బల్ల మీద నీళ్లు కారుతుంటే, మిల్లువాళ్లలో టైలరమ్మ కొడుకు తనంతట తనే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. అందరూ ముద్దుగా పొడుగోడా అని పిలిచే పిల్లాడు. బల్బు మార్చడానికి స్టూలు అక్కర్లేదు వాడికి. రేకు బిగించాడు. దిగుతూ జారాడు. నిన్న తెల్లారేసరికి ఆసుపత్రిలో పోయాడు.

"పెద్దలు ఏమన్నారు?" అంది పాస్టరమ్మ.

"ససేమిరా అన్నారు. తోట పాత కుటుంబాలదట. మిల్లువాళ్లకి రైలుకట్ట పక్కన వాళ్ల స్థలం వాళ్లకుందట. ఒకరికిస్తే రేపు అందరికీ ఇవ్వాలట."

"మరి మీరేమన్నారు?"

ఆయన మళ్లీ గుండీ మీదికి చెయ్యి పోనిచ్చారు.

"మిమ్మల్నే. మీరేమన్నారు? ఒకే శరీరమని ప్రతి ఆదివారం గొంతు చించుకుంటారుగా. ఆ మాట అక్కడ అన్నారా?"

"అంటే ఏమయ్యేదో తెలుసా? సగం మంది లేచిపోయేవాళ్లు. ఇన్నేళ్లు కట్టింది ఒక్క పూటలో కూలిపోయేది. గొడవ లేకుండా ఆ పిల్లాడికి మంచి చోటు దొరకాలి. మన చోటు మనమిస్తే ఎవరూ నోరెత్తలేరు. తప్పా?"

"మన చోటా!"

మూల మంచం మీదనుంచి పాస్టరుగారి తల్లి గొంతు సవరించుకుంది. మోకాళ్లు పోయాయి గానీ ముసలావిడ చెవులు మాత్రం పాముచెవులే.

"అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాను. పెళ్లాం గొయ్యి దానం చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. అదీ నా కడుపునే పుట్టాలా?"

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకుంటాన్రా. ఇంకెంతకాలంలే. నా గొయ్యైనా ఉందా, అదీ ఎవరికన్నా రాసిచ్చావా?"

ఇంకో రోజైతే పాస్టరమ్మకు నవ్వొచ్చేది. ఆవిడ పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"అడిగితే ఇచ్చేదాన్నేమో."

"ఇచ్చేదానివే. నాకు తెలుసు. అందుకే కదా..."

"నాకే తెలీదు, మీకెలా తెలుసు? ఇచ్చేదాన్నో, కొట్లాడేదాన్నో. అడగలేదు కదండీ మీరు. వాళ్లని ఎదిరించలేక నా దగ్గర్నుంచి లాక్కున్నారు. నేనైతే ఏమీ అననుగా."

ఆయన తల దించుకున్నారు. గోడ అవతల ఎవరో స్కూటరు ఆపిన చప్పుడైంది.

వచ్చింది కలప డిపో యజమాని, పెద్దల్లో పెద్ద. వస్తూనే పాస్టరమ్మకు రెండు చేతులూ జోడించాడు. కళ్లలో నీళ్లు. అవి దొంగ నీళ్లు కావు, అదే చిక్కు. ఆ కుర్రాడంటే ఆయనకూ ప్రాణమే. పండక్కి వాడికి బూట్లు కొనిపెట్టిన మనిషి.

"వందనాలమ్మగారూ. మీ త్యాగం గురించి అయ్యగారు చెప్పారు. మా ఇంట్లో ఆడవాళ్లు విని ఒకటే ఏడుపు. మీలాంటి తల్లి ఉండటం మా సంఘం అదృష్టం."

"నేనే త్యాగమూ చెయ్యలేదు," అంది పాస్టరమ్మ.

"అదే మీ గొప్పతనం. చెప్పుకోరు. పెట్టె నా డిపోలోనే చేయిస్తున్నానమ్మా, మేలు రకం కలపతో. మా నాన్నకి కూడా అంత మంచిది వాడలేదు."

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వాడికి మేలు రకం కలప ఇవ్వగలిగారు. ఆరడుగుల మట్టి ఎందుకివ్వలేకపోయారు?"

డిపో పెద్దాయన నొచ్చుకున్నాడు. అయినా గొంతు పెంచలేదు.

"కలప నాదమ్మా. నా ఇష్టం. తోట నాది కాదు. మా తాతలూ ముత్తాతలూ ఉన్నారక్కడ. వాళ్లందర్నీ అడిగి రాలేను కదా. మీ చోటు మీరు ఎవరికైనా ఇచ్చుకోండి, ఎవరు కాదంటారు? పద్ధతి పద్ధతిగానే ఉంది, పిల్లాడికీ న్యాయం జరిగింది."

"పామూ చావలేదు, కర్రా విరగలేదు," అంది ముసలావిడ మంచం మీదనుంచి.

"ఆ, అలాగే అనుకోండి పెద్దమ్మగారూ," అన్నాడాయన మెచ్చుకోలుగా. దెప్పిందని తెలియలేదు.

"రేపు ఇంకో మిల్లు మనిషి పోతేనో?" అంది పాస్టరమ్మ. "అప్పుడు ఎవరి పెళ్లాం చోటు ఇస్తారు?"

"ఆ దేవుడు అలాంటిది రానివ్వడమ్మా," అన్నాడు డిపో పెద్దాయన.

దానికేం చెబుతారు! మిల్లువాళ్లు చావరని నమ్మినట్టు మాట్లాడే మనిషితో ఎంతసేపు వాదిస్తాం? పాస్టరమ్మ చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. వెనకనుంచి భర్త పిలిచినా తిరగలేదు.

టైలరమ్మ ఇల్లు ఒకే ఒక గది. కుట్టుమిషను గోడకు నెట్టేసి దాని మీద దుప్పటి కప్పారు. సగం కుట్టిన రవికలు మూటకట్టి అటక మీద పెట్టారు. నేల మీద చాప, చాప మీద పొడుగోడు. చాప చాల్లేదు, పాదాల కింద ఇంకో చాప ముక్క వేశారు. చుట్టూ మిల్లు ఆడవాళ్లు నోరు తెరవకుండా గొంతులోనే ఏదో పాడుతున్నారు. ఆ భాష పాస్టరమ్మకు రాదు. అయినా ఏ తల్లికి అర్థం కాదు అది?

టైలరమ్మ ఆవిణ్ణి చూసి చెయ్యి చాపింది.

"రా అక్కా. నీకోసమే చూస్తున్నా."

పాస్టరమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరి స్నేహం ఈనాటిది కాదు. పిచ్చుక పోయిన రోజున, ఇంకా రెండు ఆరాధనలు వేరువేరుగా ఉన్న రోజుల్లో, ఎవరూ పిలవకుండానే వచ్చి, పాప ఒళ్లు కొలిచి తెల్ల గౌను కుట్టి తొడిగిన చేతులవి.

"అయ్యగారు పొద్దున్నే వచ్చి చెప్పారక్కా," అంది టైలరమ్మ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "పెద్దలు ఒప్పుకున్నారట. సంఘమంతా కలిసి చోటిచ్చిందట. మావాళ్లు నవ్వారు నిన్న. పిచ్చిదానివే, బతికున్నంతవరకే మనం వాళ్లకి అన్నదమ్ములం అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా సంఘం అలాంటిది కాదన్నా. చూశావా? నా మాటే నిలబడింది. కొడుకు పోయాడు గానీ ఆ మాట నిలబడిందక్కా నాకు."

పాస్టరమ్మ చటుక్కున తలెత్తింది. చోటు తీసుకున్నాడు సరే. అబద్ధం కూడా చెప్పాడా ఈ మనిషి!

"ఎక్కడిచ్చారు?" అంది టైలరమ్మ. "వేపచెట్టు వైపా, బావి వైపా?"

పాస్టరమ్మ కొంగు ముడి విప్పి మళ్లీ వేసింది.

"చెప్పక్కా. వాడిని ఎక్కడ పడుకోబెడుతున్నారో తెలియాలి కదా నాకు."

"పిచ్చుక పక్కన."

టైలరమ్మ మొహంలో ముందు ఓ మెత్తదనం వచ్చింది. పిచ్చుక పక్కన. తర్వాత మెల్లగా అది పోయింది.

"అది నీ చోటు."

పాస్టరమ్మ చాప అంచు వైపు చూస్తూ ఉండిపోయింది.

"నువ్వే చెప్పావు నాతో. ఆ గడ్డి మీద కూర్చుని. ఇదొక్కటే నాకంటూ ఉందని." టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, కానీ పట్టు వదులైంది. "అంటే వాళ్లు ఇవ్వలేదు. నువ్విచ్చావు."

"నేనూ ఇవ్వలేదు," అంది పాస్టరమ్మ. అని భోరుమంది.

పాట ఆగిపోయింది. ఆడవాళ్లు తమ భాషలో ఏమిటేమిటని అడిగారు. టైలరమ్మ వాళ్లకేమీ చెప్పలేదు. కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. బయట వీధిలో ఎవరో పంపు తిప్పితే బిందెలోకి నీళ్లు పడుతున్న చప్పుడు.

"వీడేం దొంగ కాదక్కా," అంది చివరికి. "చాటుగా తీసుకెళ్లి ఎవరి చోట్లోనో పడుకోబెట్టడానికి. ఆ చర్చి రేకు బిగిస్తూ పోయాడు. నాకు దయ వద్దు. వాడికి రావాల్సింది వాడికి రావాలి."

"వాళ్లు ఇవ్వరు. నేను అడిగే వచ్చా."

"సరే, ఇవ్వరు." టైలరమ్మ ముక్కు తుడుచుకుంది. "అయితే ఆ మాట అయ్యగారు అనాలి. అందరి ముందూ. మా పెద్దలు ఇవ్వం అన్నారు, నేను వాళ్లతో పోట్లాడలేకపోయాను, నా ఇంట్లోది ఇస్తున్నాను అని. అంతే. ఆ ఒక్క ముక్క నిజం చెబితే చాలు. అప్పుడు నువ్వు ఇస్తావా?"

పాస్టరమ్మ కళ్లు మూసుకుంది. గడ్డి కనపడింది, రాయి కనపడింది. ఎవరూ లాక్కోకుండా, ఎవరూ దండలు వెయ్యకుండా మొదటిసారి ఆవిణ్ణి అడిగారు. అడిగింది కొడుకుని పోగొట్టుకున్న తల్లి.

"ఇస్తాను," అంది. "వాడు పిచ్చుకకి తోడుంటాడు. మనస్ఫూర్తిగా ఇస్తాను."

"ఆయన చెప్పకపోతే?"

"నేను చెబుతాను."

"ఒట్టు?"

"ఒట్టు."

టైలరమ్మ ఆవిడ భుజం మీద తల వాల్చింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఇద్దరి ఏడుపూ ఒకేలా ఉంది.

మధ్యాహ్నం దాటాక పెట్టె వచ్చింది. మంచి కలప, మంచి పని, నున్నగా రుద్దారు. వీధి నిండా జనం. ఒకవైపు ఊరివాళ్లు, డిపో పెద్దాయన, పెద్దలు. ఇంకోవైపు మిల్లువాళ్లు, షిఫ్టు వదిలేసి వచ్చిన మగాళ్లు. కలిసి నిలబడమని ఎవరూ చెప్పలేదు కాబట్టి విడివిడిగానే నిలబడ్డారు. పాస్టరుగారు తెల్ల అంగీ వేసుకుని గుమ్మం ముందు ప్రార్థన చేశారు. మంచి ప్రార్థన. చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

ఆమెన్ అనగానే మగాళ్లు పెట్టె భుజాలకెత్తుకోబోయారు. టైలరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అయ్యగారూ, ఒక్క మాట. నా కొడుక్కి ఈ చోటు ఎవరిచ్చారు?"

పాస్టరుగారు తడబడ్డారు. "ఇప్పుడెందుకమ్మా అది?"

"మావాళ్లు వినాలి. ఎవరిచ్చారు?"

వీధి వీధంతా ఆయన్నే చూసింది. ఆయన డిపో పెద్దాయన వైపు చూశారు. మిల్లు మగాళ్ల వైపు చూశారు. చివరికి భార్య వైపు చూశారు. చెప్పండి, ఆ ఒక్క ముక్క చెప్పేయండి, అని ఆవిడ లోపల్లోపలే బతిమాలింది. కావాలంటే తర్వాత జీవితాంతం మీ అన్నం వండిపెడతాను, ఎదురు మాట్లాడను, ఇది ఒక్కటీ చెప్పండి.

"సంఘమే ఇచ్చిందమ్మా," అన్నారు పాస్టరుగారు. "మనమంతా ఒకటే కదా."

"స్తోత్రం," అన్నాడు వెనకనుంచి డిపో పెద్దాయన.

టైలరమ్మ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"నిజమేనా అక్కా?"

పాస్టరమ్మ నోరు తెరిచింది.

భర్త మొహం కనపడింది. మెడ పట్టీ ఓ పక్కకి జారింది, ఇవాళ సరిచేసే మనిషి లేక. కళ్లు రెండూ వేడుకుంటున్నాయి. అంతమంది మధ్య ఆయన్ని అబద్ధాలకోరుని చెయ్యాలి. చేస్తే ఆయన మళ్లీ ఆ బల్ల ముందు నిలబడలేరు. ఇన్నేళ్లు కట్టింది కూలిపోతుంది. ఒక్క మాట. లేదు అనే ఒక్క మాట. గొంతుదాకా వచ్చింది. పెళ్లయిన నాటినుంచీ అలా గొంతుదాకా వచ్చి ఆగిపోయిన మాటలెన్నో, వాటితోపాటు ఇదీ ఆగిపోయింది. కావాలని కాదు. అయ్యో, కావాలని కాదు.

టైలరమ్మ ఎదురుచూసింది. తొందరపెట్టలేదు. ఎంతసేపు చూడాలో అంతసేపూ చూసింది.

తర్వాత మిల్లు మగాళ్లతో వాళ్ల భాషలో రెండు ముక్కలు అంది. వాళ్లు పెట్టె ఎత్తి భుజాలు మార్చుకుని, చర్చి వైపు కాకుండా రైలుకట్ట వైపు తిరిగారు. ఊరివాళ్లకు అర్థంకాక ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"అటు కాదు! చర్చి ఇటు!" అని అరిచాడు డిపో పెద్దాయన.

పాస్టరమ్మకు అప్పుడొచ్చింది గొంతు. పరుగెత్తి టైలరమ్మకు అడ్డంగా నిలబడింది.

"ఉండు చెల్లీ, ఉండు! చెబుతాను. వాళ్లు ఇవ్వలేదు, అది నా... ఆయన అబద్ధం..."

పక్కనున్న నలుగురికి తప్ప వినపడలేదు. మిల్లు ఆడవాళ్లు అప్పటికే పాట అందుకున్నారు, ఈసారి గొంతెత్తి.

"దారివ్వండి, పాస్టరమ్మగారూ," అంది టైలరమ్మ.

కోపంగా కూడా అనలేదు. కొత్తవాళ్లతో మాట్లాడినట్టు, మర్యాదగా అంది. పాస్టరమ్మ పక్కకి తప్పుకుంది. తప్పుకోక ఏం చేస్తుంది!

పెట్టె వెళ్లిపోయింది. మిల్లువాళ్లు ఒక్కొక్కరే ఆవిడ పక్కనుంచి, తగలకుండా, నడిచి వెళ్లారు. కొయిరులో పాడే పిల్లలూ, టీ కాసే ఆడవాళ్లూ, మొన్న ఆదివారం కానుక పళ్లెం పట్టిన ముసలాయనా, అందరూ.

పాస్టరుగారు వెనకనుంచి వచ్చి భార్య మోచెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు నోరు మెదపలేదు. ఆ మేలు మర్చిపోను," అన్నారు గుసగుసగా. "మెదిపి ఉంటే సంఘం రెండు ముక్కలయ్యేది."

పాస్టరమ్మ వీధి ఆ చివరికి చూసింది. ఆఖరి మిల్లు మనిషి కూడా మలుపు తిరిగాడు. ఇటు మిగిలినవాళ్లంతా ఊరివాళ్లే.

"ఇప్పుడేమైందండీ మరి?" అంది.